బుడుంగుపొద్దు

ఏమోయ్ అబ్బాయ్, ఫోన్‌ని అంత దగ్గరగా పెట్టుకుని ఎవర్ని తిడుతున్నావ్? నాకెలా తెలిసిందంటావా. మంచి మాట రాసేవాడి బొటనవేలు అలా పొడవదు. పెళ్ళిరోజు శుభాకాంక్షలు రాసేవాడెవడూ పళ్ళు నూరడు. సరేలే, నాకు చూపించక్కర్లేదు. కింద నీ పేరు కూడా పెట్టి ఉండవు. సింహమో, తుఫానో, ఏదో ఒకటి తగిలించుకుని ఉంటావు. నీ బండి చక్రం ఊడి నా చేతిలో ఉంది కాబట్టి నువ్వు ఎక్కడికీ పోలేవు. ఆ స్టూలు లాక్కుని కూర్చో. ఒక కాలు కుంటిది, గోడకి ఆనించుకో. ఆ పంపించే బొత్తాం మాత్రం ఇప్పుడే నొక్కకు. నేను చెప్పేది విని, తర్వాత నీ ఇష్టం.

చూస్తున్నావుగా, ఇదే నా కొట్టు. ముందు గాలి మిషను, పక్కన నీళ్ళ తొట్టి, వెనక గోడంతా పాత టైర్లు. పైన రెండు గదులు. ఆ చలికాలం పైన ముగ్గురం ఉండేవాళ్ళం. నేను, నా చెల్లెలు, దాని మొగుడు. నాకు పెళ్ళి కాలేదు. పిల్లనిస్తామన్నవాళ్ళు లేకపోలేదు, వాళ్ళు నన్ను చూడ్డానికి వచ్చారు, అక్కడే వచ్చింది చిక్కు.

బావ స్కూలు వ్యాను నడిపేవాడు. పసుపు వ్యాను, కిటికీలకి ఊచలు. ఆయన నడుపుతుంటే డాష్‌బోర్డు మీద పెట్టిన టీ తొణికేది కాదు. ఎన్నేళ్ళ సర్వీసో గానీ వ్యాను మీద గీత పడలేదు. ఆ మాట ఆయన రోజుకోసారి అనేవాడు. పరీక్షలో ఫస్టు వచ్చిన పిల్లాడు మార్కుల కాగితం చూపించినట్టు, అడక్కపోయినా అనేవాడు.

నేనంటావా, నా చదువు ఎక్కాల దగ్గరే ఆగిపోయింది గానీ అల్లరి ఆగలేదు. ఎదుటివాణ్ణి వెర్రివాణ్ణి చెయ్యకపోతే నాకు ముద్ద దిగేది కాదు. పంక్చరుకి వచ్చినవాడితో మీ బండి గర్భంతో ఉందని చెప్పినవాణ్ణి. అయితే అన్నిటికన్నా గొప్పది నా చిన్నప్పుడు వేసింది. చెల్లెలికి అప్పుడు నాలుగేళ్ళో, ఐదో. డాబా ఎక్కితే దూరంగా మంచినీళ్ళ ట్యాంకు కనిపించేది. సాయంత్రం సూర్యుడు దాని వెనక్కే దిగేవాడు. సూర్యుడు ఆ ట్యాంకులోనే పడతాడనీ, చెవి ఒగ్గి వింటే బుడుంగుమని చప్పుడొస్తుందనీ, అందుకే ఆ వేళని పెద్దవాళ్ళు బుడుంగుపొద్దు అంటారనీ చెప్పాను. ఆ పిచ్చిమొహం రోజూ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వినేది. వినిపించిందనేది కూడా.

అది నిజంగా తెలుగులో ఉన్న మాటేననుకుని పట్టుకుంది. పెరిగింది, పెళ్ళయింది, జుట్టు నెరిసింది, అదే మాట. "బుడుంగుపొద్దు అవుతోంది, ఆరేసిన బట్టలు తియ్యాలి." బావకి కూడా అంటించింది. "బుడుంగుపొద్దుకల్లా వచ్చేస్తాలే" అని అంత పెద్దమనిషి అంటుంటే నేను అటు తిరిగి, టైరు చూస్తున్నట్టు నటిస్తూ లోలోపలే నవ్వుకునేవాణ్ణి. ఇంత లోకంలో ఆ మాట వాడేవాళ్ళు ఇద్దరే. వాళ్ళిద్దర్నీ వెర్రివాళ్ళని చేసింది నేను. రాజుకి కోట ఉంటే ఎంత గర్వమో నాకది అంత.

చలికాలం అప్పుడే మొదలయింది. ఒకరోజు భోజనాల దగ్గర బావ గ్లాసులో నీళ్ళు వంచుకున్నాడు. నీళ్ళు గ్లాసు పక్కన పడ్డాయి. పడుతూనే ఉన్నాయి. ఆయన వంచుతూనే ఉన్నాడు. చెల్లెలు చెంబు పట్టుకుని ఆపింది. గుడ్డ తెచ్చి తుడుస్తూ నా వైపు చూసింది.

"అన్నయ్యా, ఈయనకి కళ్ళు సరిగ్గా ఉన్నట్టు లేవు. నా మాట వినరు. నువ్వన్నా చెప్పు."

"ఆయనకి కళ్ళు లేవని మీ పెళ్ళినాడే తేలిపోయిందిగదే" అన్నాను.

బావ పొలమారేదాకా నవ్వాడు. చెల్లెలు నవ్వలేదు. గుడ్డ పట్టుకుని లోపలికి వెళ్ళి అది పొడిగా అయ్యేదాకా పిండింది. మంచి జోకు అది. ఇంకెక్కడైనా పనికొస్తుందని దాచిపెట్టుకున్నాను కూడా.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మొదలయింది ఈ ఫోన్ గొడవ. స్కూలు వాళ్ళకి ఒక పేజీ ఉంది. పిల్లల ఆటలూ పాటలూ ఫోటోలు పెడతారు, తల్లులూ తండ్రులూ కింద చప్పట్లు కొడతారు. ఒకరోజు వ్యాన్ల ఫోటో పెట్టారు, డ్రైవర్లంతా వరసగా నిలబడి ఉన్నారు. బావ మధ్యలో, చొక్కా ఇస్త్రీ చేసుకుని. దాని కింద ఎవరో "వెనకసీటు" అనే పేరుతో రాశారు. ఫోటో ఉండాల్సిన చోట బూడిదరంగు గుండు, మొహం లేదు.

టైరు మార్చుకోవడానికి వచ్చిన ఒకాయన చూపించాడు నాకు. సాయంత్రం పైకెళ్ళి బావకి చెప్పాను. "నువ్వే చదువు బావా, నా కళ్ళద్దాలు వ్యాన్లో ఉండిపోయాయి" అన్నాడు. చదివాను.

"మధ్యలో నిలబడ్డ మనిషివి కళ్ళా, గాజుగోళీలా? చీకటి పడితే ఎద్దుకీ ఎదురుగోడకీ తేడా తెలియని గుడ్డోడి చేతిలో పిల్లల్ని పెట్టి ఫోటోలు దిగుతున్నారా. సిగ్గుండాలి."

లోపల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. బావ కొంచెంసేపు కిటికీ వైపు చూశాడు.

"ఎవరో పని లేనివాడు" అన్నాడు.

"పని నేను కల్పిస్తాను వాడికి" అన్నాను.

"వదిలెయ్ అన్నయ్యా" అంది చెల్లెలు లోపల్నుంచి. మళ్ళీ గిన్నెల చప్పుడు మొదలయింది.

నేను వదిలేవాణ్ణా. ఎవరో ముసుగేసుకుని మా ఇంటి మనిషిని గుద్దాడు, నేనూ ఒక ముసుగేసుకుంటే ముసుగులో గుద్దులాట సమానమవుతుంది కదా. ఒకటి కాదు, నాలుగు వేసుకున్నాను. "పులిబిడ్డ" ఒకటి. "న్యాయం" ఒకటి. "రిటైర్డు మాస్టారు" ఒకటి, దాంతో రాసేటప్పుడు మాత్రం ఒత్తులు చూసుకుని రాసేవాణ్ణి. నాలుగోది అన్నిటికన్నా మంచి పేరు, "ఒక తల్లి". నవ్వకు. గ్రీజు చేతులతో, మీసాలతో, ఆ తొట్టి గట్టు మీద కూర్చుని నేను రాసిన తల్లి మాటలకి నిజం తల్లులు ఏడ్చారు. "నా బిడ్డని కన్నతండ్రిలా చూసుకునే డ్రైవరు గారిని అంటే పుట్టగతులుండవు" అని రాస్తే చప్పట్ల వర్షం. చూసి మిగతా తల్లులు కూడా వచ్చిపడ్డారు.

వెనకసీటు తగ్గలేదు. రెండు మూడు రోజులకోసారి వచ్చి ఒక రాయి వేసి పోయేది. "ఆ వ్యాను ఫుట్‌పాత్ ఎక్కి దిగడం మీలో ఒక్కరూ చూడలేదా, మీవీ గాజుగోళీలేనా." నేను నలుగుర్నీ ఒకేసారి వదిలేవాణ్ణి దాని మీదకి. పేరు లేనివాడికి వావి ఉండదు, వరస ఉండదు. ఎదురుగా నిలబడి ఎవర్నీ అననివి అన్నాను. పుట్టుక ఎత్తాను, చావు ఎత్తాను. దాచిపెట్టుకున్న జోకు కూడా అక్కడే తీశాను. ఒక తల్లి చేత రాయించాను: "నిన్ను కట్టుకున్నవాళ్ళకి కళ్ళు లేవని మీ పెళ్ళినాడే తేలిపోయి ఉంటుంది."

ఆ రోజు రాత్రి చెల్లెలు నాకు అన్నం వడ్డించి, కూర వెయ్యడం మర్చిపోయి, గరిటె పట్టుకుని నా మొహం వైపు చూస్తూ నిలబడింది.

"ఏంటే, నా అందం ఇవాళే కనిపించిందా" అన్నాను.

"లేదులే" అని కూర వేసింది.

చక్రం సంగతి అడుగుతున్నావా? అవుతోంది. కూర్చో.

వెనకసీటు ఎవరో నాకు తెలిసిపోయిందనుకున్నాను. స్కూలు గేటు దగ్గర బావ వ్యాను వెనకే ఇంకో వ్యాను నిలబడేది. దాని డ్రైవర్ని అందరూ పొడుగాయన అనేవారు. సీట్లో కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగుకి తగిలేవి. బావ తిరిగే రూటు మీద ఆయనకి ఎప్పట్నుంచో కన్ను. వెనకుండేది ఎవరు? ఆయనే. చూసేది ఎవరు? ఆయనే. ఇంకేం కావాలి. గాలి కొట్టించుకోవడానికి వచ్చినప్పుడు ఊరికే ఒక మాట విసిరాను.

"ఏమయ్యా, ఈమధ్య వెనకసీట్లో కూర్చుంటున్నావట?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన నిజంగానే భుజం తడుముకున్నాడు. ఆయనకి భుజం నొప్పి ఉందని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు మాత్రం దొంగ దొరికాడనుకున్నాను. ఆ సాయంత్రమే పులిబిడ్డ రాసింది, వెనకసీటు ఎవరో కాదు, వెనక వ్యానే, పొడుగ్గా ఉంటాడు, మీరే అర్థం చేసుకోండి అని. జనం అర్థం చేసుకున్నారు. అలాంటివి జనానికి తొందరగా అర్థమవుతాయి.

ఈలోగా పొద్దు కురచబడుతూ వచ్చింది. ఆటలూ అదనపు క్లాసులూ అయ్యాక ఆ స్కూలు వదిలేది సాయంత్రమే. మొదట్లో బావ చివరి పిల్లని దింపి ఇంటికొచ్చాక గానీ పొద్దుగుంకేది కాదు. తర్వాత ఆయన రూటు చివర్లో ఉండగా గుంకేది. తర్వాత రూటు మధ్యలో. ట్యాంకు వెనక సూర్యుడు రోజూ కొంచెం తొందరపడుతున్నట్టు, ఎవరో తరుముతున్నట్టు దిగేవాడు. చెల్లెలు ఆ వేళకి మెట్ల మీద నిలబడేది. బట్టలు ఎప్పుడో తీసేసినా తీగ పట్టుకుని నిలబడేది. వ్యాను మలుపు తిరిగిన చప్పుడు వినిపించాక లోపలికి వెళ్ళేది.

బావ రోజూ వ్యాను అద్దం తుడిచేవాడు. ఇంట్లోంచి బయల్దేరేముందు ఒకసారి, నా కొట్టు ముందు ఒకసారి. "ఈ అద్దం మీద మసక పోవట్లేదు బావా" అనేవాడు. అద్దం నీళ్ళలా ఉండేది. నేను కొత్త సీసా కొనిచ్చాను. "లైట్లు కూడా మసగ్గా ఉన్నాయి" అంటే పెద్ద బల్బులు వేశాను. ఫుట్‌పాత్ పక్క టైరు నా దగ్గరికే వచ్చేది కదా, దాని పక్కగోడ చూస్తే జున్నుని గీకినట్టు ఒరుసుకుపోయి ఉండేది. ఒకటి మార్చాను. కొత్తదీ అలాగే అయింది. "ఏం బావా, టైరు చేత గోడలకి ముద్దులు పెట్టిస్తున్నావా" అన్నాను. నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ టైరు నా ఒళ్ళోనే ఉంది, అబ్బాయ్. పక్కగోడ నా వేళ్ళ కిందే ఉంది.

ఒకరోజు స్కూలు పెద్దమేడమ్ బావని లోపలికి పిలిచింది. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు, చెప్పులు కూడా విప్పలేదు.

"ఏమంది?" చెల్లెలు గుమ్మంలోంచే అడిగింది.

"ఆవిడా చదువుతోందట అవన్నీ. కంటి డాక్టరు దగ్గరికి పంపించి కాగితం తెప్పిద్దామనుకుందట."

"వెళ్ళమందా?"

"వద్దులెండి అంది. ఇంతమంది తల్లిదండ్రులు మీ వెనకుంటే నేను అనుమానించడం బాగుండదు అంది. ఒక తల్లి అట, ఆవిడ రాసింది చదివి తనకే కళ్ళు చెమర్చాయట."

నేను ఎగిరి గంతేశాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు అంటారే, ఆ బల్లికి పడేముందు ఎంత సంతోషంగా ఉంటుందో నాకు తెలుసు. బావ మొహంలో మాత్రం సంతోషం లేదు, బాధా లేదు. చెప్పుల వైపు వంగి వాటిని చేత్తో తడిమి విప్పుకున్నాడు.

చెల్లెలు గుమ్మంలోంచి కదల్లేదు.

ఆ వారమే ఎవరో పొడుగాయన వ్యాను పక్కద్దం పగలగొట్టారు. కొందరు తమ పిల్లల్ని ఆయన బండి మాన్పించారట కూడా. అద్దం ఊగుతుంటే వైరు చుట్టి కట్టుకుని నా కొట్టుకి వచ్చాడు. గాలి కొట్టించుకున్నాడు. వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు.

"అన్నా, అది నేను రాయలేదు."

"ఏది?"

"నీకు తెలుసు ఏదో. నాకు ఫోన్లో తెలుగు రాయడం రాదన్నా. మా పాప చదివి వినిపిస్తోంది. నన్ను అన్నవి కూడా అదే చదువుతోంది."

"మీ పాపతోనే రాయించి ఉండొచ్చుగా" అన్నాను.

ఆయన అద్దానికి చుట్టిన వైరు బిగించుకున్నాడు. అంత పొడుగు మనిషి వంగి వ్యాను ఎక్కుతుంటే సగానికి మడిచినట్టు అనిపించింది. వెనక్కి తిరిగితే మెట్ల మీద చెల్లెలు. చేతిలో తడిబట్టల బకెట్టు. ఎప్పట్నుంచి ఉందో తెలియదు. నీళ్ళు మెట్టు మీద నుంచి మెట్టు మీదకి కారుతున్నాయి.

మర్నాడు మధ్యాహ్నం వెనకసీటు మళ్ళీ వచ్చింది. నేను ఒక చేత్తో ట్యూబుని తొట్టిలో ముంచి, రెండో చేత్తో ఫోన్ పట్టుకుని చూశాను. ఒక తల్లికి చెప్పాల్సిన మాటలు బొటనవేలి చివరే ఉన్నాయి.

"చప్పట్లు కొట్టండి, ఇంకా కొట్టండి. బుడుంగుపొద్దు స్కూలు గంట దాకా వచ్చేసింది. ఇవాళ్టి నుంచి ఆ మనిషి పిల్లల్ని తీసుకెళ్ళేది కళ్ళతో కాదు, అలవాటుతో."

తొట్టిలో ట్యూబు బుడబుడమంటోంది. నేను ఆ ఒక్క మాటనే చూస్తూ ఉండిపోయాను. లోకంలో ఆ మాట వాడేది ఇద్దరు. అందులో ఒకాయన ఫోన్ చదవలేక నా చేత చదివించుకుంటున్నాడు.

ట్యూబు అలాగే వదిలేశాను. పైన కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. పైకి వెళ్ళలేదు. వెళ్ళి ఏమని అడగాలి? షట్టరు దించి స్కూలు వైపు నడిచాను. దారిలో బేకరీ మలుపు దాటాక, పైపుల కోసం రోడ్డు తవ్వుతున్నారు. పొద్దుట లేదు అది. గొయ్యి నా నడుంలోతు ఉంది. చుట్టూ నాలుగు కర్రలు పాతి, ఎర్ర రిబ్బను కట్టారు. దీపం పెట్టలేదు.

బావ నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. "ఏంటి బావా, నువ్వూ స్కూల్లో చేరావా?"

"చిన్నప్పుడు ఎగ్గొట్టిందంతా ఇప్పుడు కట్టించుకుంటున్నారు" అని పక్కసీట్లో కూర్చున్నాను. వెనక పిల్లలు గోలగోలగా ఎక్కారు. ట్యాంకు వెనకకి ఎర్రగా దిగిపోతున్నాడు సూర్యుడు.

బావ మెల్లిగా నడుపుతున్నాడు. టీ పెడితే తొణకదు, నిజమే. స్పీడుబ్రేకరు దాటగానే ఆయన పెదాలు కదలడం చూశాను. పాట పాడుకుంటున్నాడేమో అనుకున్నాను. పాట కాదు. లెక్కపెట్టుకుంటున్నాడు. లెక్క అయిపోగానే ఇండికేటరు వేసి తిప్పాడు, మలుపు సరిగ్గా అక్కడే ఉంది. ఇంకొంచెం పోయాక మెడ ముందుకి చాచి గాలి పీల్చాడు. బేకరీ వాసన. ఇంకో మలుపు రాబోతోందన్నమాట.

వెలుతురు ఇంకా ఉంది. నాకు రోడ్డు కనిపిస్తోంది, చెట్టు కనిపిస్తోంది, సైకిల్ మీద పోతున్నవాడి చొక్కా గళ్ళు కనిపిస్తున్నాయి. నాకు తెలిసిన విద్య ఒక్కటే, అబ్బాయ్. అదే వాడాను.

"బావా, ఆ ఎర్రలారీ వాణ్ణి చూడు, రోడ్డుకి ఎంత అడ్డంగా పెట్టాడో."

రోడ్డు మీద లారీ లేదు.

"చూస్తూనే ఉన్నాలే, బుద్ధిలేని వెధవ" అన్నాడు బావ. లేని లారీని తప్పించడానికి స్టీరింగు కొద్దిగా పక్కకి తిప్పాడు.

నేను ఇన్నేళ్ళలో వేసిన వేషాల్లో ఇంత బాగా పండింది ఇంకోటి లేదు. వెనక ఒక పిల్ల ఎక్కాలు రాగం తీస్తోంది. బేకరీ మలుపు తిరిగాం. ముందు ఎర్ర రిబ్బను గాలికి ఊగుతోంది. బావ కాలు బ్రేకు వైపు పోలేదు.

"బావా, ఆపు. వెనక టైరు పోయింది" అన్నాను.

బండి గురించి ఇంకెవరేం చెప్పినా ఆయన వాదిస్తాడు. టైరు గురించి నేనంటే వాదించడు. ఠక్కున ఆపాడు.

నేను దిగి వెనక్కి వెళ్ళి, వాల్వులో పుల్ల గుచ్చి గాలి వదిలాను. మంచి టైరు, మొన్న నేనే వేసింది. బుస్సుమంటూ కూలబడింది. తల ఎత్తేసరికి బావ కూడా దిగి ముందుకి నడుస్తున్నాడు, చెయ్యి ఒకటి ముందుకి చాపి. వ్యానుకీ ఆ గోతికీ మధ్య మనిషి పడుకునేంత జాగా లేదు. రిబ్బను ఆయన పొట్టకి తగిలింది. ఆగాడు. దాన్ని వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తడిమాడు.

"ఇది పొద్దుట లేదు" అన్నాడు.

"లేదు" అన్నాను.

ఆయన తాళాలు తీసి నా చేతికి ఇవ్వబోయాడు. చెయ్యి ఎక్కడుందో దొరక్క, నా చొక్కా జేబు తడుముకుని అందులో వేశాడు.

వెనకనుంచి ఒక వ్యాను వచ్చి ఆగింది. పక్కద్దం వైరుతో కట్టి ఉంది. పొడుగాయన దిగి గొయ్యి చూశాడు, కూలబడ్డ టైరు చూశాడు, బావని చూశాడు. నన్ను చూడలేదు.

"పిల్లల్ని ఇందులో ఎక్కించండి" అన్నాడు.

మర్నాడు బావ వ్యాను ఎక్కలేదు. సాయంత్రం ముందుగదిలో కూర్చున్నాడు, గోడ వైపు తిరిగి. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆయనే మొదలుపెట్టాడు.

"వెనకసీటు ఎవరో నాకు మొదటిరోజే తెలుసు బావా. పెళ్ళైన కాణ్ణుంచీ నా బండి వెనక కూర్చుని, గోడ చూసుకోండి, గుంట చూసుకోండి అని సతాయించింది ఎవరు? ఆ తిట్లలో ఆవిడ గొంతు వినపడింది నాకు."

"తెలిసీ ఎందుకు నడిపావయ్యా మరి?"

"దిగిపోదామనే అనుకున్నాను. పెద్దమేడమ్ పిలిచినప్పుడు, కళ్ళ సంగతి నేనే చెప్పేసి తాళాలు ఇచ్చేద్దామని లోపలికి వెళ్ళాను. ఈలోగా ఆవిడ చదివి వినిపించింది. అంతమంది తల్లులు నాకోసం కొట్లాడుతున్నారట. కన్నతండ్రి అన్నారట. వాళ్ళ కోసమైనా ఈ ఏడాది లాగెయ్యాలనిపించింది." రెండు చేతులూ జోడించాడు. "ఆ ఒక తల్లి ఎవరోగానీ, ఒకసారి కలిసి దణ్ణం పెట్టుకోవాలి."

నేను లేచి వంటగదిలోకి వెళ్ళాను. చెల్లెలు వెల్లుల్లి వలుస్తోంది. తల ఎత్తలేదు.

"విన్నావా, దణ్ణం పెడతారట" అంది, ముందుగదికి వినపడనంత మెల్లిగా.

"నేనని నీకెలా తెలుసు?"

"ఈయనకి కళ్ళు లేవన్న జోకు లోకంలో ఇంకెవరి దగ్గరుంది? నాకు చెప్పిందే నాకు రాశావు." ఒక రెబ్బ పొట్టు తీసి గిన్నెలో వేసింది. "మొదట మర్యాదగానే రాశాను అన్నయ్యా. అయ్యా, దయచేసి ఆ డ్రైవరుకి ఒకసారి కంటి పరీక్ష చేయించండి అని. ఒక్కళ్ళూ చూడలేదు. గుడ్డోడన్నాక అందరూ చూశారు. నాలుగు మాటలన్నా పడి, ఆయన బతికుంటే చాలనుకున్నాను. తీరా నేను అంటే, ఆయన తరఫున నువ్వే దిగావు, నలుగురై."

ఏదో ఒకదానితో గెలవాలి కదా. జీవితమంతా దాచుకున్న తురుపుముక్క ఒకటుంది. అదే తీశాను.

"నువ్వు కూడా దొరికిపోయావులే. బుడుంగుపొద్దు అని రాశావు. అది అసలు మాటే కాదే పిచ్చిమొహమా. చిన్నప్పుడు డాబా మీద నేను పుట్టించింది. ఇన్నేళ్ళుగా నువ్వూ నీ మొగుడూ అది నిజం మాటేననుకుని..."

"రెండో తరగతిలో తెలిసింది" అంది.

"ఏంటి?"

"పరీక్షలో రాశాను. టీచరు క్లాసంతటికీ చదివి వినిపించి నవ్వింది. ఇంటికొచ్చి నీ పని పడదామనుకున్నాను. నువ్వు మెట్ల మీద కూర్చుని ఉన్నావు. ఊరికే ఆ మాట అన్నాను. నువ్వు అటు తిరిగి, భుజాలు ఎగిరెగిరిపడేలా నవ్వావు. పోనీలే, పాపం వీడికి ఇంకే సరదా ఉందని అంటూ వచ్చాను."

"మరి బావ?"

"పెళ్ళైన వారంలోనే చెప్పాను. మా అన్నయ్య వినేలా రోజుకోసారి ఈ మాట అనండి, సంబరపడతాడు అని."

కిటికీలోంచి చూస్తే ట్యాంకు వెనక ఎరుపు అయిపోతోంది. నాకు అనడానికి ఒక్కటే మిగిలింది.

"అయితే నిన్న అందులో పొరపాటున పడలేదన్నమాట ఆ మాట."

"పొరపాటేంటి" అంది చెల్లెలు, వెల్లుల్లి పొట్టు ఉఫ్‌మని ఊదుతూ. "పొడుగాయనని చంపేసేలా ఉన్నావు. అంతమందిలో నీ ఒక్కడికే అర్థం కావాలి. ఒక తల్లికి తెలిసిన భాషలో రాశాను."

ముందుగదిలోంచి బావ గొంతు వినిపించింది, నాకు వినపడాలని కాస్త గట్టిగా.

"ఏమేవ్, బుడుంగుపొద్దు అయినట్టుంది, లైటెయ్యి."